నానమ్మ పరుపు ఎగిరిపోయిన మలుపు

కారు వెనక సీట్లో నా నడుం వెనక పెట్టుకున్న దిండు చూసి, బయలుదేరకముందే మా అమ్మాయి రేష్మా గొడవ మొదలుపెట్టింది.

"అమ్మా, ఆ పాత దిండు ఇంట్లో పెట్టేసి రావే. మెడకి పెట్టుకునేది కొత్తది తెచ్చాను కదా."

"నాకు నొప్పి మెడలో కాదే, నడుంలో."

"నడుముకీ ఉంది. ఆయన కొట్లోంచి తెచ్చారు, ఫోముది."

స్టీరింగు ముందు కూర్చున్న మా అల్లుడు కరీం అద్దంలోంచి నన్ను చూసి నవ్వాడు. "పోనీలే, ఆవిడనేం అనకు. ఆ దిండు లేకపోతే అత్తయ్య సత్తుపల్లి కూడా దాటరు" అన్నాడు. అల్లుడికి తిరువూరులో పరుపుల కొట్టుంది. ఇప్పటి పరుపులు చుట్టచుట్టి, ప్లాస్టిక్ తొడిగి, అట్టపెట్టెల్లో వస్తాయి. పెట్టె కోసి ప్లాస్టిక్ చింపితే, నీళ్లలోంచి తేలిన మనిషి ఊపిరి పీల్చుకున్నట్టు బుస్సుమని లేచి కూర్చుంటాయి. ఆ కొట్లో నేను కూర్చున్నప్పుడల్లా అది చూస్తూనే ఉంటాను. మా నాన్న చూస్తే ఏమనేవాడో అనుకుంటాను. ముందు నవ్వేవాడు, తర్వాత ఒక మూల కోసి లోపలేముందో చూసేవాడు.

వేసవి సెలవులని మనవరాలు నూరీ పట్టుబట్టి బయలుదేరదీసిన ప్రయాణం అది. పాపికొండల అడవి చూద్దాం, జాతీయ ఉద్యానవనమట, ఫోన్లో బొమ్మలు చూడు అమ్మమ్మా అంది. చూశాను. పచ్చగా ఉన్నాయి. నేను అటువైపు ఒకసారి వెళ్లానన్న సంగతి చెప్పలేదు. చెబితే ఎప్పుడు, ఎలా, ఎందుకు అని అడుగుతుంది, ఆ కథ చెప్పడానికి ఒక గంట పడుతుంది, అప్పటికి ఇడ్లీలు చల్లారిపోతాయి. సత్తుపల్లి, అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం దాటాం. అప్పుడు చిట్టడవులుగా ఉన్న చోట ఇప్పుడు పామాయిల్ తోటలు వరసలు వరసలుగా నిలబడి ఉన్నాయి. బుట్టాయగూడెం దాటాక చెక్‌పోస్టు దగ్గర పేర్లు రాసుకుని, నీళ్ల సీసాలెన్నో చూసి, లోపలికి వదిలారు. ఆ తర్వాత దారి ఎక్కడం మొదలుపెట్టింది. ఎక్కీ ఎక్కీ ఒక మలుపు తిరిగేసరికి కరీం కారు పక్కకి తీసి ఆపాడు.

"దిగండి, ఇక్కడినుంచి బాగా కనిపిస్తుందంట" అన్నాడు.

ఇనుప కటకటాలు కట్టారు. సిమెంటు బల్లలు వేశారు. ఫోటో దిగడానికి ఒక గుండ్రటి చట్రం కూడా పెట్టారు. నేను అవేవీ చూడలేదు. కటకటాలకి ఇవతల, పడుకున్న గేదెలాంటి నల్లటి బండ ఒకటుంది. వీపు మధ్యలో చిన్న గుంట. ఆ గుంటలోనే మా అమ్మ పచ్చడి గిన్నె కదలకుండా కుదురుగా పెట్టింది. అది ఇదే చోటని అప్పుడు తెలిసింది నాకు. నిలబడినదాన్ని నిలబడినట్టే ఆ బండ మీద కూర్చుండిపోయాను. నవ్వూ వచ్చింది, కంట్లో నీళ్లూ వచ్చాయి.

"ఏంటి అమ్మమ్మా, కళ్లు తిరుగుతున్నాయా?" అంది నూరీ.

"లేదే. మా నానమ్మ పరుపు ఇక్కడే ఎగిరిపోయింది."

ముగ్గురూ ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు.

మాది దూదేకుల ఇల్లు. పరుపులు, దిండ్లు, బొంతలు కుట్టడం మా తాతల నుంచి వస్తున్న పని. తిరువూరు మసీదు వీధిలో మాది రెండు గదుల పెంకుటిల్లు. ముందు గది దూదిది, వెనక గది మనుషులది. దూదికి పెద్ద గది, మాకు చిన్న గది. ఆ ఇంట్లో ఏ వస్తువు ముట్టుకున్నా దూది అంటుకునేది. అన్నం మీద దూది, చన్నీళ్ల కుండ మీద దూది, మా అమ్మ కొప్పులో దూది. కొత్త పరుపు గుడ్డకి గంజి వాసన, దబ్బనానికి పూసే కొబ్బరినూనె వాసన, వేసవి వచ్చిందంటే వీధి మొత్తానికీ మామిడికాయల లారీల వాసన. ఇవన్నీ కలిసిపోయిన వాసనే నాకు మా ఇల్లు. ఇప్పటికీ ఎక్కడైనా గంజిగుడ్డ వాసన తగిలితే చటుక్కున మా నానమ్మ చెయ్యి గుర్తొస్తుంది.

మా నాన్న హుస్సేను. పెద్ద విల్లు పైనుంచి వేలాడదీసి, టంయ్ టంయ్ మని పత్తి ఏకేవాడు. నానమ్మ గోడకి ఆనుకుని కాళ్లు చాపుకుని పరుపులు కుట్టేది. దబ్బనంలో దారం కళ్లతో కాదు, నాలికతో తడిపి వేళ్లతోనే ఎక్కించేది. పరుపుకి మూలలు కుట్టడంలో తిరువూరు చుట్టుపక్కల ఆమెను మించినవాళ్లు లేరు. పెనుగొలను, వినగడప రైతుల ఇళ్లలో పెళ్లి పరుపులు కుట్టించాలంటే, "మూలలు పెద్దావిడ కుట్టాలి హుస్సేనూ" అని మరీ చెప్పి వెళ్లేవాళ్లు. నెమలి ఊళ్లో తిరునాళ్లకి వచ్చిన చుట్టాలకి పరుపులు చాలక, ఎడ్లబండి కట్టుకుని వచ్చి మా ఇంట్లో ఎండబెట్టిన పరుపులు అడిగి తీసుకెళ్లిన వాళ్లూ ఉన్నారు.

అన్నిటికన్నా బూరుగు దూది పరుపు గొప్పది. పత్తి పరుపు నాలుగు నెలలకి అణిగి అట్టయిపోతుంది. బూరుగు దూది అలా కాదు, గుప్పిట్లో నలిపి వదిలితే అలిగిన పిల్ల లేచినట్టు మళ్లీ లేస్తుంది. కానీ దాంతో పని చేయడం కష్టం. గాలి సోకితే చాలు, లేచిపోతుంది. బూరుగు పని జరిగే రోజున నానమ్మ గుమ్మానికి తడి గోతం వేలాడదీసేది. ఆ గదిలో పరిగెత్తకూడదు, తుమ్మకూడదు, ముఖ్యంగా నవ్వకూడదు. మనిషి నవ్వితే ఒక గుప్పెడు దూది పోతుందని ఆమె లెక్క. నేనూ పక్కింటి పిల్లలూ ఒకళ్లనొకళ్లు చూసి నవ్వాపుకోలేక వెనక గదిలోకి పారిపోయి, చాపలో మొహం దూర్చి నవ్వేవాళ్లం. నానమ్మ మాత్రం నవ్వేది కాదు. ఏళ్ల తరబడి దూది పక్కన కూర్చుని కూర్చుని, నవ్వొస్తే పెదాలు లోపలికి మడుచుకోవడం అలవాటైపోయింది ఆమెకి. పెళ్లిళ్లలో కూడా అలాగే మడుచుకునేది.

మా ఇంట్లో ఇంకో పద్ధతి ఉండేది. పరుపులు కుట్టేవాళ్లం మేము పరుపుల మీద పడుకునేవాళ్లం కాదు. కొత్త దూది ఆర్డరుది. మాకు పని అయ్యాక నేల మీద ఊడ్చిన దూది. ఇసుక, దారం ముక్కలు, బూరుగు గింజలు కలిసిన ఆ ఊడ్పులతో బొంతలు కుట్టుకుని, వాటిమీద పడుకునేవాళ్లం. నానమ్మకి అదీ లేదు, తాటాకు చాపే. "బొంత మీద ముడులు గుచ్చుకుంటాయి, చాప నయం" అనేది. పగలంతా వంగి కుట్టడంతో ఆమె నడుం పట్టేసేది. పొద్దున్నే లేవాలంటే గోడ పట్టుకుని మూడు విడతలుగా లేచేది. ఆ మూడు విడతలూ మా నాన్న కళ్లారా చూసి, మళ్లీ విల్లు అందుకునేవాడు. ఒకరోజు మాత్రం విల్లు పక్కన పెట్టి అన్నాడు.

"అమ్మా, ఈ వేసవి బూరుగు దూదిలో మొదటి పరుపు నీదే."

"మొదటిది పెనుగొలను వాళ్లదిరా. రెండు పరుపులు, నాలుగు దిండ్లు ఒప్పుకున్నావు కదా."

"వాళ్లకీ చేస్తాను, నీకూ చేస్తాను. మూడు పరుపులకి సరిపడా తెస్తే సరి."

నానమ్మ దబ్బనం పరుపుకి గుచ్చి తలెత్తింది. "అయితే నన్నూ తీసుకెళ్లు. నలభై ఏళ్లుగా అడివి దూది చేత్తో దువ్వుతున్నాను. అది ఎక్కడ పుడుతుందో చూడలేదు" అంది. బూరుగు చెట్లు మా వైపు లేకపోలేదు, వినగడప దారిలో రెండుండేవి. కానీ ఆమెకి కావలసింది చెట్టు కాదు, కొండ.

అలా ఖాయమైంది ఆ ప్రయాణం. మా అమ్మ తమ్ముడు మస్తాన్ మామకి వ్యాను ఉండేది, మామిడికాయలు వేసుకుని తిరిగేవాడు. "ఒక్కరోజు ఇస్తాను బావా. మర్నాడు పొద్దున్నే తోట దగ్గర లోడు ఉంది. రాత్రికల్లా నా బండి నా ఇంటి ముందు ఉండాలి" అని మాట తీసుకున్నాడు. ఏదో పరాయివాడు నడుపుతున్నట్టు! నడిపేది తనే. ముందు సీట్లో మామ, నాన్న. వెనక ఖాళీ డబ్బాలో అమ్మ, నానమ్మ, నేను, దూదికని తెచ్చిన ఎనిమిది గోతాలు, తిండి గిన్నెలు, నీళ్ల డబ్బా.

ఊరు దాటి నాలుగు మైళ్లు పోకముందే నానమ్మ మూలగడం మొదలుపెట్టింది. అడుగున రేకు, కింద గుంటల రోడ్డు. ప్రతి గుంటకీ "యా అల్లా" అనేది. సత్తుపల్లి వచ్చేసరికి ఆమెకి అల్లా తప్ప వేరే మాట లేదు. నాన్న బండి ఆపించి, వెనక్కి ఎక్కి, ఎనిమిది గోతాలూ మడతలు పెట్టి, ఒకదానిమీద ఒకటి పేర్చి ఆమెను వాటిమీద కూర్చోబెట్టాడు.

"ఇప్పుడెలా ఉందమ్మా?"

"తాసిల్దారు గారిలా ఉందిరా" అంది నానమ్మ, పెదాలు మడుచుకుంటూ.

అడివి దూది అమ్మే కొండ సంతకి చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. అక్కడ బూరుగు దూది లేదు. ముందురోజే ఎవరో పెద్ద వ్యాపారులు లారీతో వచ్చి ఉన్నదంతా ఊడ్చుకుపోయారట. నాన్న మొహం చూడాలి. సంతలో ఆ చివరి నుంచి ఈ చివరి దాకా రెండుసార్లు తిరిగాడు, తేనె అమ్మేవాళ్లని, చింతపండు అమ్మేవాళ్లని కూడా దూది గురించి అడిగాడు. చివరికి ఒక ముసలాయన జాలిపడి, తమ గూడెంలో నిన్ననే కోసిన బూరుగు కాయలున్నాయి, దూది తియ్యలేదు, రమ్మన్నాడు. వెళ్లాం. చెట్టుకింద రాశి పోసి ఉన్నాయి, జానెడేసి కాయలు, పచ్చదనం పోయి ముదురు రంగుకి తిరిగినవి. నానమ్మ ఒక కాయ చేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. పసిపిల్ల చేతిలో గిలక చూసినట్టు చూసింది దాన్ని.

"రెండు రోజులు ఎండలో వల కింద పోసి, పగిలాక దూది తీసుకెళ్లండయ్యా" అన్నాడు ముసలాయన.

"రెండు రోజులా? రేపు బండి లేదు. కాయలే ఇచ్చెయ్యండి, ఇంట్లో ఎండబెట్టుకుంటాం."

"దారిలో పగిలితేనో?"

"పెద్దాయనా, నేను దూదిలోనే పుట్టాను" అన్నాడు నాన్న. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

"సరే, గోతాలు తియ్యండి మరి, మూతి బిగించి కట్టిస్తాను."

గోతాలు నానమ్మ కింద ఉన్నాయి. ఆమె అప్పటికే లేవబోతోంది, వ్యాను తలుపు పట్టుకుని, మొదటి విడత. "తీసుకోరా గోతాలు. నాకేం, రేకు మీద కూర్చుంటాను" అంది. నాన్న ఆ లేవడం చూశాడు. రెండో విడతకి ముందే ఆమె భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు. "నువ్వు కదలకమ్మా. కాయలే కదా, దొర్లుతాయంతే" అన్నాడు. కాయలన్నీ విడిగా వ్యాను వెనక సగంలో పోయించి, మీద టార్పాలిన్ కప్పించాడు. ముసలాయన మాతో పాటు బండి దాకా వచ్చి, తలుపు గట్టిగా వేసి వెళ్లాడు.

ఎండ, రేకు, పైన టార్పాలిన్. లోపల కుంపటిలా ఉంది. కాసేపటికి ఎక్కడో "టప్" మంది. మస్తాన్ మామ బండి ఆపి దిగి నాలుగు టైర్లూ తన్ని చూశాడు. బాగానే ఉన్నాయి. మళ్లీ బయలుదేరాం. "టప్... టప్." మళ్లీ దిగాడు, బండి కింద పడుకుని చూశాడు.

"బావా, ఇంజను ఏదో అంటోంది."

"నీ బండి ఎప్పుడు ఏమీ అనకుండా ఉంది గనక? పోనీ" అన్నాడు నాన్న.

దూదిలో పుట్టిన మనిషికీ తట్టలేదు, దూది పక్కనే కూర్చున్న మా ముగ్గురికీ తట్టలేదు. కాయ పగలడం మేమెన్నడూ వినలేదు. మా ఇంటికి దూది ఎప్పుడూ మాట్లాడకుండానే వచ్చేది.

ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి రేడియేటర్ పొగలు కక్కింది. మామ బండి పక్కకి తీశాడు. పక్క తలుపులోంచి నానమ్మని దింపితే, ఆమె ఆ అంచున నిలబడి అలాగే ఉండిపోయింది. కొండ వెనక కొండ, దాని వెనక ఇంకో కొండ. ఒక్కోదానికి ఒక్కో రంగు, దగ్గరిది పచ్చన, దూరంది నీలం, ఆ చివరిది పొగ. "అదిగో, ఆ సందులో మెరిసేది గోదారి" అన్నాడు మామ. నాకు మాత్రం ఎండలో పెట్టిన దబ్బనంలా కనిపించింది. "ఎవరు కుట్టార్రా ఈ మూలలు?" అంది నానమ్మ మెల్లగా.

అమ్మ ఈ బండ మీదే గిన్నెలు విప్పింది. చపాతీలు, ఎండురొయ్యల వేపుడు, గోంగూర పచ్చడి. నాన్న నీళ్ల డబ్బా కోసం వ్యాను వెనక తలుపు తీశాడు. టార్పాలిన్ ఉబ్బి ఉంది, లోపల ఎవరో మోకాళ్లు మడిచి పడుకున్నట్టు. "ఇదేంటి?" అని, ఆయన దాన్ని అంచు పట్టుకుని ఒక్క దులుపు దులిపాడు. ఇంట్లో దుప్పటి దులిపినట్టు.

లోయలోంచి గాలి ఎక్కింది. ఆ వ్యానులోంచి తెల్లగా, ఎడతెగకుండా, చప్పుడు లేకుండా దూది బయటికి పోసింది. మా నాన్న దానికి అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడ్డాడు, పరిగెత్తే గొర్రెల మందకి అడ్డం నిలబడినట్టు. అది ఆయన చంకల కిందనుంచి, తల మీదనుంచి వెళ్లిపోయింది. మస్తాన్ మామ తువ్వాలు విసురుతూ పట్టుకోబోయాడు. విసిరిన కొద్దీ అది ఇంకా లేచింది. వేపుడు మీద దూది, పచ్చడి మీద దూది. అమ్మ గిన్నెల మీద పడి మూతలు పెడుతోంది.

"విసరకు మామా, విసరకు!" అని నేను అరిచాను.

"తలుపెయ్యి బావా, తలుపు!"

"చెయ్యి పట్టదురా, నిండా దూదే!" నాన్న గొంతులో ఏడుపుంది. "అమ్మా... నీ పరుపమ్మా..."

అప్పుడు విన్నాం ఆ చప్పుడు. ముందు ఎవరిదో అర్థం కాలేదు. నానమ్మ. కనుబొమల మీద దూది, తల మీద దూది, నోరంతా తెరిచి నవ్వుతోంది. పెదాలు మడుచుకోలేదు. నాకు పదేళ్లుంటాయి, ఆ పదేళ్లలో ఆమె పళ్లు ఎన్నున్నాయో అప్పుడే చూశాను. "ఒరే హుస్సేనూ! ఇన్నేళ్లూ అది మనింటికొచ్చింది. ఇవాళ దానింటికి అది పోతోంది, పోనివ్వరా!" అంటోంది, నవ్వుకీ నవ్వుకీ మధ్య.

అని ఊరుకోలేదు మరి. నవ్వుతూనే భుజం మీది తుండు తీసి నీళ్ల డబ్బాలో ముంచింది. నీళ్లు కారుతున్న ఆ గుడ్డను నాన్న చేతికిచ్చింది. "చేతులతో ఆగుతుందంట్రా బూరుగు? తడిగుడ్డ మరిచిపోయావా? కప్పు, మెల్లగా. ఊపిరి బిగబట్టు" అంది. నాన్న కప్పాడు. అమ్మ తలమీది తుండు తడిపింది, మామ తువ్వాలు తడిపాడు. రేడియేటర్‌కని తెచ్చిన నీళ్లన్నీ దానికే అయిపోయాయి. వ్యానులో మిగిలిన సగం అలా నిలబడింది. అప్పుడు నానమ్మ కింది గోతాలు తీసి, పగిలినవీ పగలనివీ అన్నీ వాటిలో కూరి, మూతులు కట్టాం. వెళ్లిపోయిన సగం లోయ మీద చాలాసేపు కనిపించింది. కిందకీ దిగక, పైకీ పోక, తీరిగ్గా తిరుగుతూ ఉంది. తిరుగు ప్రయాణంలో నానమ్మ రేకు మీదే కూర్చుంది. ఒక్కసారి కూడా మూలగలేదు.

ఇంటికొచ్చాక అసలు పేచీ. మిగిలిన దూదీ, పగలని కాయల్లోదీ కలిపితే సరిగ్గా పెనుగొలను వాళ్ల ఆర్డరుకి సరిపోతుంది, అంతే. నాన్న మొండికేశాడు.

"వాళ్లకి ఒక పరుపు ఇస్తాను, రెండోది వచ్చే ఏడు. ఒకటి నీకు."

"వాళ్లకి మాటిచ్చావు."

"నీకూ ఇచ్చాను."

"నేను ఇంట్లో మనిషినిరా. నాకిచ్చిన మాట ఇంట్లోనే ఉంటుంది, ఎక్కడికి పోతుంది?"

నాన్న ఒప్పుకోలేదు. రెండు రోజులు తల్లీ కొడుకులిద్దరూ మాట్లాడుకోలేదు. అన్నం పెట్టమనే మాట కూడా నాతో చెప్పించుకున్నారు. మూడో రోజు నాన్న తల్లి పరుపుకి గుడ్డ కొనడానికి బజారుకెళ్లి వచ్చేలోపు నానమ్మ గుమ్మానికి తడిగోతం కట్టి, నన్ను సాయం పెట్టుకుని, దూదంతా రెండు పెనుగొలను పరుపుల్లోనూ, దిండ్లలోనూ నింపేసి మూలలు కుట్టేసింది. నాన్న వచ్చి చూసి, గుమ్మంలోనే కూలబడ్డాడు. నానమ్మ కుట్టిన దారాన్ని పళ్లతో కొరికి, "మూలలు చూడు, ఎలా వచ్చాయో" అంది.

ఆ తర్వాత వారం పది రోజులు ఆమె ఇంకో పని పెట్టుకుంది. మధ్యాహ్నం పూట నన్ను ముందు కూర్చోబెట్టుకుని నా జడల్లో చిక్కుకున్న దూది ఏరేది. అమ్మ చీర మడతల్లోది, నాన్న చొక్కా జేబుల్లోది, గిన్నెల మూట గుడ్డకి అంటుకున్నది. మస్తాన్ మామ కూడా సీటు సందుల్లో దొరికినప్పుడల్లా చిటికెడు చిటికెడు తెచ్చి, "ఇదిగో అత్తా, నీ పరుపు ఇంకా నా బండిలోనే తిరుగుతోంది. మామిడికాయలకి నూగొచ్చిందని షావుకారు తిడుతున్నాడు" అని ఇచ్చేవాడు. అదంతా పోగుచేసి ఒక చిన్న దిండు కుట్టుకుంది నానమ్మ. మూరెడు పొడవు, జానెడు వెడల్పు. ఊడ్పు కాదు, అచ్చమైన కొత్త బూరుగు దూది. మా ఇంట్లో ఇంటివాళ్ల కోసం కుట్టిన మొదటి కొత్త దూది అదే.

మరుసటి వేసవిలో నాన్న ఒక్కడే బస్సులో వెళ్లి, వల కింద రెండు రోజులు ఎండబెట్టించి, ఆ ముసలాయన చేత నాలుగు చివాట్లు తిని, దూది తెచ్చాడు. అన్నిటికన్నా ముందు నానమ్మ పరుపు కుట్టాడు. మూలలు కూడా తనే కుట్టాడు. ఆమె వేలితో తడిమి, "ఇది కొంచెం వంకర" అని, దాని మీద పడుకుంది. తెల్లారి చూస్తే పక్కన చాప మీద ఉంది, తల కింద చిన్న దిండు పెట్టుకుని. నాన్న మొహం చిన్నబోయింది. "అలవాటు లేని సుఖంరా, కింద నేలెక్కడుందో తెలియట్లేదు. అలవాటు చేసుకుంటాలే" అంది. రోజూ నాన్న చూస్తుండగా పరుపు ఎక్కేది, ఆయన నిద్రపోయాక దిగేది. నాకు తెలుసు, చెప్పేదాన్ని కాదు. ఆ ఏడు చలికాలం వచ్చాక మాత్రం దిగడం మానేసింది. అలవాటైపోయింది. ఆ తర్వాత మమ్మల్నెవరినీ దాని అంచు మీద కూడా కూర్చోనివ్వలేదు. పొద్దున గోడ పట్టుకుని లేవడం ఒక్క విడతకి వచ్చింది. అది చూసిన రోజు మా నాన్న విల్లు ముందు కూర్చుని, చాలాసేపు తీగ మీటకుండా ఉండిపోయాడు. ఆమె పోయాక ఆ పరుపుని అవసరమున్న వాళ్లకి ఇచ్చేశారు. దిండు నేను దాచుకున్నాను.

ఇదంతా ఆ బండ మీద కూర్చునే చెప్పాను. నిజంగానే గంట పట్టింది, ఇడ్లీలు చల్లారిపోయాయి. నూరీ వెళ్లి కటకటాలు పట్టుకుని నిలబడింది. కింద ఎక్కడో బూరుగు కాయలు పగిలినట్టున్నాయి, గాలిలో ఒకటీ అరా పోగులు తేలుతున్నాయి. మా అల్లుడు నా దిండు చేతిలోకి తీసుకుని గుప్పిట నొక్కి వదిలాడు. అది లేచింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ లేచింది. "మా కంపెనీవాళ్లు పదేళ్లు గ్యారంటీ అని గొప్పగా చెబుతారు అత్తయ్యా" అన్నాడు. అలా నొక్కడంలో పక్క కుట్టు కాస్త విడిపోయింది. రేష్మా ఆ దిండు తీసుకుని తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దారంతా అలాగే కూర్చుంది.

బయటికొచ్చేటప్పుడు చెక్‌పోస్టు దగ్గర కుర్ర గార్డు కారులోకి తొంగిచూశాడు. రేష్మా ఒడి నిండా తెల్లటి పోగులు.

"ఏంటమ్మా ఇది? లోపల చెట్లు ముట్టుకున్నారా? ఇక్కడినుంచి ఆకు కూడా తీసుకెళ్లకూడదు, బోర్డు చూడలేదా?"

"లేదండీ, ఇది మా దిండు" అంది రేష్మా.

"దూది ఎక్కడిది?"

నాకు అబద్ధం నోటికి రాదు. "ఇక్కడిదే నాయనా" అన్నాను. రేష్మా నా తొడ మీద గిచ్చింది. "ఇక్కడిదే, కానీ యాభై ఏళ్ల కిందటిది. సగం మీకే వదిలేసి వెళ్లాం."

అతను నన్ను చూశాడు, దిండుని చూశాడు, దారికి అడ్డం ఉన్న కర్ర ఎత్తాడు. "వెళ్లండి మామ్మగారూ" అన్నాడు నవ్వుతూ. "మిగతా సగం కోసం మాత్రం రాకండి."

ఇంటికొచ్చిన మర్నాడు ఫ్యాను ఆపి, నూరీని ఎదురుగా కూర్చోబెట్టుకుని, దబ్బనంలో దారం ఎక్కించమన్నాను. నాకిప్పుడు నాలికా వేళ్లూ చాలవు, కళ్లు కూడా కావాలి. ఎక్కించి ఇచ్చింది. ఆ పిల్ల తల వంచినప్పుడు చూశాను, జడలో రెండు తెల్లటి పోగులు. కటకటాల దగ్గర నిలబడ్డప్పుడు చిక్కుకున్నట్టున్నాయి. మెల్లగా తీసి దిండులోకి దూర్చాను.

"అమ్మమ్మా! ఆకు కూడా తేకూడదన్నాడు!"

"ఆకు కాదుగా."

నూరీకి నవ్వాగలేదు. విడిపోయిన కుట్టులోంచి నాలుగు పోగులు లేచాయి. నవ్వకూడదే అని నోటిదాకా వచ్చింది, అనలేదు. అవి దూలం దాకా వెళ్లి, తీరిగ్గా తిరిగి, మా ఇద్దరి మీదే వాలాయి.